ముల్లు

తెల్లవారుజామున మూడింటికి
జనరల్ శాంటోస్ రేవులోకి
తెల్ల రబ్బరు బూట్లు లేనివాణ్ణి రానివ్వరు.
నాకు మూడు జతలున్నాయి.
ఇరవై రెండేళ్లుగా ట్యూనా చేప పక్కలో ఉక్కు చువ్వ గుచ్చి
లాగి, వచ్చిన పిసరంత కండ వేళ్ల మధ్య నలిపి
రంగు చూసి, జిగురు చూసి
చెబుతాను: ఏ. బీ. సీ.
ఆ అక్షరం మీద ఒక పడవ అప్పు తీరుతుంది,
లేదా తీరదు.

తప్పు చెబితే
టోక్యో నుంచి చేప తిరిగి రాదు, కాగితం వస్తుంది.
దాని మీద నా పేరుంటుంది, తేదీ ఉంటుంది,
నష్టమెంతో ఉంటుంది.
వారం కూలి కవరు పలచబడుతుంది.
పోయినేడు రెండుసార్లు పలచబడింది.
మా ఆవిడ ఫ్లోర్డెలిస్ కవరు అరచేతిలో తూచి
"ఏ చేప?" అంది.
చెప్పాను.

శనివారం రాత్రుళ్లు నేను వేరే మనిషిని.
నల్ల ప్యాంటు, ఇస్త్రీ మడత నలగని చొక్కా,
రింగు అంచున పీట,
కళ్లకు అడ్డంగా కింది తాడు.
రెఫరీ వీపు అడ్డొచ్చినప్పుడు
కనిపించని దెబ్బకు కూడా అంకె వేయాలి.
ఒకడికి పది, ఒకడికి తొమ్మిది.
పది ఎవరికన్నదే నా పని.

ఆ రాత్రి ఎల్మెర్ కతుబిగ్
పన్నెండు రౌండ్లూ ఎడమచేత్తో దారి తవ్వుకుంటూ నడిచాడు.
ఎదుటివాడు ప్రమోటరు మనిషి.
నా గది అద్దె ప్రమోటరు కట్టాడు, నా ఫీజూ ఆయనే.
మధ్యాహ్నం కాల్చిన ట్యూనా దవడ పెట్టించి
"ఇంకొంచెం తినండి" అన్నాడు.
అంతకు మించి ఒక్క మాట అనలేదు.
ఒట్టు. ఒక్క పెసో నా చేతిలో పెట్టలేదు.
పెట్టి ఉంటే బాగుండేది.
దొంగనని నాకైనా తెలిసేది.

జరిగిందల్లా ఇదీ:
వాడు గ్లవ్ విసిరినప్పుడల్లా, తగిలినా తగలకున్నా
నా వెనక నాలుగు వేల గొంతులు లేచాయి.
ఎల్మెర్ కొట్టినప్పుడు
వాళ్లమ్మ గొంతొక్కటే లేచింది.
కళ్లు చూస్తూనే ఉన్నాయి.
కలం చెవుల మాట విన్నది.

నూటపదిహేడు, నూటపదకొండు.
మిగతా ఇద్దరిలో ఒకరిటు, ఒకరటు.
నా కాగితమే త్రాసు ముల్లయింది.
ఎల్మెర్ కనుబొమ్మకు తొమ్మిది కుట్లు.
నాకు పొద్దున్నే హోటల్లో గుడ్డూ, వెల్లుల్లి అన్నమూ.

ఇంటికొచ్చి టీవీ నోరు నొక్కేసి
ఆ రికార్డు చూశాను.
చప్పుడు లేని చోట ఎనిమిది రౌండ్లు ఎల్మెర్‌వి.
మళ్లీ చూశాను. తొమ్మిది.

కమిషన్ ఆఫీసుకు వెళ్లాను.
కిటికీ వెనక గుమాస్తా, మిస్ పగదువాన్,
"ఫిర్యాదా?" అంది.
కాదు, సంజాయిషీ.
"ఎవరడిగారు?"
ఎవరూ అడగలేదు.
రెండు సొరుగులు వెతికింది పాపం, నిజంగానే వెతికింది.
బాక్సరు మందు వాడితే ఒక ఫారం,
బరువెక్కితే ఒకటి, రెఫరీని తోస్తే ఇంకొకటి.
జడ్జి తనంతట తాను వస్తే
ఫారం లేదు.
"వచ్చే నెల దావావో టైటిల్ పోటీలో మీ పేరుంది, చూసుకున్నారా?"
అని నవ్వి కిటికీ మూసింది.

ఇవాళ రేవులో
ఎల్మెర్ డెబ్బై కిలోల చేపను భుజాన మోసుకొచ్చి
నా బల్ల మీద దించాడు.
కుట్ల దారం ఇంకా కనుబొమ్మలోనే ఉంది.
తిట్టలేదు.
తిడితే నా గొంతులో ముల్లు కాస్త కదిలేదేమో.
చువ్వ గుచ్చాను. లాగాను.
కండను దీపం కిందికి తిప్పి
"బీ" అన్నాను.
వాడు తడిచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.
"మళ్లీ చూడు, నోంగ్."
చూశాను. బీనే.
"ఎందుకు?"

ఇదిగో, ఇక్కడ రంగు మాసింది,
తోక వైపు ఐసు ఆలస్యంగా పడింది,
అని వేలు పెట్టి చూపించాను.
వంగి చూశాడు. తలూపాడు.
ఇంకో చేప కోసం పడవ వైపు వెళ్లిపోయాడు.

నా చెయ్యి బల్ల మీద అలాగే చాచి ఉంది,
ఇంకేమైనా అడుగుతాడేమోనని.